నాలుగు ముక్కల మాట

పక్షవాతం వచ్చాక మా బావ నోట వచ్చిన మొదటి మాట తెలుగు కాదు. పోనీ అది ఆయన గొంతన్నా కాదు. ఆస్పత్రి మంచం మీద, వంకరపోయిన మూతితో, లిన్ మేడం రాగంలో, లిన్ మేడం దీర్ఘాలతో "బెయ్ ష్వే ఛ షిన్" అన్నాడు.

లిన్ మేడం ఎవరో మా అక్క కస్తూరికి తెలియదు. నాకు తెలుసు. ఆవిడ గొంతును ల్యాబులో రోజూ మోగించేది నేనే.

"ఏందే అది? ఏం మాట్లాడతుండాడే?" అక్క నా భుజం పట్టుకుని ఊపేసింది. "నీ మొహం చూస్తే నీకు తెలిసినట్టే ఉండాదే!"

"చైనా మాటక్కా."

"చైనా మాటా? కట్టుకున్నదాన్ని ఎదురుగా కూర్చోనుంటే చైనా మాటెందుకు వస్తాదే?"

దానికి జవాబు ఆస్పత్రిలో చెప్పేది కాదు. ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

మా బావ మునిరత్నం తడ దగ్గర చైనావాళ్ళు పెట్టిన ఓ ఫ్యాక్టరీలో దుబాసీ. చైనా మేనేజర్ల మాట తెలుగులో కూలీలకూ, కూలీల మాట చైనా భాషలో మేనేజర్లకూ చెప్పడం ఆయన పని. ముప్పై దాటాక చెన్నైలో సాయంకాలం క్లాసులకు వెళ్ళి పట్టుదలగా నేర్చుకున్నాడు. మామూలు మాటలకు ఢోకా లేదు. చిక్కంతా ఆ నాలుగు ముక్కల జాతీయాల దగ్గరే. చైనావాళ్ళు నోరు విప్పితే చాలు, నాలుగక్షరాల జాతీయం ఒకటి దొర్లుతుంది. ఓ మీటింగులో మేనేజరు ఎవరి గురించో "ష్యుంగ్ యౌ ఛంగ్ జూ" అన్నాడట. ఎద, ఉంది, తయారైన, వెదురు. మా బావ వెదురు దగ్గరే ఆగిపోయాడు.

"ఎదలో వెదురేంది మరదలా, గుచ్చుకోదా అని ఆలోచిస్తా ఉంటే మీటింగే అయిపోయింది," అని ఇంటికొచ్చి నాతో చెప్పి పడీపడీ నవ్వాడు. పని మొదలెట్టకముందే మనసులో పథకం సిద్ధంగా ఉందని దాని అర్థం. నవ్వాడే గానీ, కుర్రవాళ్ళు నలుగురు చైనా నుంచే నేర్చుకుని వస్తున్నారనీ, తన కుర్చీ కిందకు నీళ్ళొస్తున్నాయనీ ఆయనకు బాగా తెలుసు. అందుకే నేను పనిచేసే ల్యాబుకు తనంతట తనే వచ్చి తల అప్పగించాడు.

ల్యాబు తిరుపతిలో. పెద్దాయన డాక్టర్ పరాంకుశం. నేను టెక్నీషియన్ని. వచ్చినవాళ్ళ తలకు టోపీ తొడిగి, జిగురు పూసి, తీగలు తగిలించి, అయిపోయాక ఆ జిగురు కడిగి పంపడం నా వంతు. ముందు, ల్యాబులో చైనా భాష నేర్పే పంతులమ్మ లిన్ మేడం తలకు తొడిగాము. జాతీయంలో మొదటి రెండు ముక్కలు వినిపించగానే తెర మీద ఆవిడ మెదడు గీత చదునైపోయేది. మిగతా రెండూ వినక్కర్లేదు ఆవిడకు. అదే మా బావ తలకు తొడిగితే ఆ గీత నాలుగు ముక్కలకూ నాలుగుసార్లు ఎగిరిపడేది. లిన్ మేడంకు ఆ మాట కట్టిన మూట. మా బావ మూట విప్పి, ఒక్కో సామానూ బయట పెట్టి చూసుకుని, మళ్ళీ సర్దుకునేసరికి బస్సు వెళ్ళిపోయేది.

"తల ప్రాణం తోకకొచ్చింది అంటే నువ్వు తోక కోసం వెతుక్కుంటావా నీలవేణీ?" అని పరాంకుశం గారు నన్నడిగారు.

"లేదు సార్."

"అంతే. అది నీ బుర్రలో కుట్టేసి ఉంది. వీళ్ళకూ కుట్టి పెడదాం."

ఆ యంత్రానికి ఆయన పెట్టిన పేరు నోరు తిరగదు. మేమంతా కుట్టుమిషను అనేవాళ్ళం. మెదడు అడుగున ఓ గూడుంటుంది. కాలికి రాయి తగిలితే "అమ్మా" అని వచ్చేది, కోపమొస్తే వచ్చే తిట్టు, కొండ కనిపిస్తే వచ్చే "గోవిందా", ఇవన్నీ అందులోంచే వస్తాయి. మనం ఆలోచించి అనే మాటలు కావవి, వాటంతటవే ఊడిపడతాయి. లిన్ మేడం మెదడులో ఆ జాతీయం వెలిగే తీరును పట్టి, ఆ వెలుగునే మా బావ గూట్లో సన్నటి కరెంటుతో మళ్ళీ మళ్ళీ అద్దుతుంది మిషను. అద్దగా అద్దగా ముక్కలు, ఆవిడ రాగంతో సహా, ముడిపడిపోతాయి. మా బావ ఫ్యాక్టరీలో ఒక్కసారిగా వెలిగిపోయాడు. చైనావాళ్ళే వెనక్కి తిరిగి చూసేవారట, మాట్లాడింది తమ వాడేమోనని.

ఆ గూడు ఇరుకని మాకు తర్వాత తెలిసింది. కొత్త మూట లోపల పెడితే పాతదొకటి కింద పడుతుంది. అది మొదట కనిపెట్టింది నేనే, అదీ ఎలాగనుకున్నారు? నేను సూళ్ళూరుపేటలో వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా మా బావ గుమ్మంలోనే మొదలెట్టేవాడు, "వచ్చిందమ్మా మహాతల్లి! కస్తూరీ, పప్పుడబ్బా దాచిపెట్టుకోవే!" అని. ఆ కోర్సు అయ్యాక వెళితే, "రా నీలవేణీ, కూర్చో. బస్సులో ఎండగా ఉందా?" అన్నాడు. అత్తగారింటికి కొత్తగా వచ్చిన అల్లుడిలా. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఉడుకు కాఫీ ఒలికి చెయ్యి కాలితే "అబ్బా" అనలేదు, చైనాలో ఏదో అన్నాడు. అక్క నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

పరాంకుశం గారికి చెప్పాను. "ఎగతాళి చెయ్యడం మానేశాడని కంప్లయింటా? అందరు మరదళ్ళూ ఇంకోలా కంప్లయింట్ చేస్తారే!" అని ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మా బావ ఫ్యాక్టరీ గేటు దగ్గర కుప్పకూలాడు. మెదడు ఎడమ పక్కన రక్తం చిమ్మింది. ఆలోచించి పేర్చుకునే మాటలన్నీ, తెలుగూ చైనా తేడా లేకుండా, అక్కడే ఉంటాయి. అవన్నీ కొట్టుకుపోయాయి. అలాంటి రోగులకు కూడా అడుగునున్న గూడు మిగులుతుందట. మాట పడిపోయిన మనిషి కూడా "అయ్యో" అంటాడు, "దేవుడా" అంటాడు, తిడతాడు. ఆ మిగిలిన దాన్ని పట్టుకుని ఇంట్లోవాళ్ళు మళ్ళీ ఒక్కో మాటా నేర్పుకుంటారు. మా బావ గూట్లో మాత్రం "అయ్యో" లేదు, "దేవుడా" లేదు. నిండా లిన్ మేడం ఉంది.

అది విన్న రోజు అక్క ఏడవలేదు, అరవలేదు. నా మొహంలోకి చూసి, "ఆయనకు తెలుగులో ఒక్క మాట కూడా మిగల్చలేదా మీరు?" అంది. ఆ "మీరు"లో నేనూ ఉన్నాను. ఉండాల్సిందే.

తెలుగు ఆయన నోట్లోంచి రాదు, చెవిలోకీ పోదు. అన్నం తింటావా అంటే గోడ వైపు చూసేవాడు. మనిషి మొహాలు కూడా సరిగ్గా పోల్చుకోలేకపోయేవాడు. నర్సునూ నన్నూ ఒకేలా చూసేవాడు. ఒక్క పిలుపు మాత్రం ఆయనకు అందేది. మా అక్క పెళ్ళైన నాటి నుంచీ మొగుడి పేరు నోటితో అనలేదు. "ఏమయ్యో" అని పిలుస్తుంది. మొదట లోగొంతులో ఎత్తుకుని, చివర్న సాగదీసి పైకి లాగుతుంది. ఆ లాగడంలోనే అన్నం వడ్డించిందో, కోపంగా ఉందో, ఊరికే పిలిచిందో బావకు తెలిసిపోయేది. వార్డు గుమ్మంలోంచి అక్క "ఏమయ్యో" అంటే చాలు, బావ తల చటుక్కున ఇటు తిరిగేది. కళ్ళల్లో మనిషి కనిపించేవాడు. అందుకే అక్క ఇంటికి తీసుకొచ్చాక కూడా ఏ పని చేస్తున్నా మధ్య మధ్య పిలుస్తూనే ఉండేది. ఆయన తిరిగేవాడు. తిరిగి, గబగబా చైనాలో నాలుగైదు జాతీయాలు కుమ్మరించేవాడు. అక్కకు ముక్క అర్థమయ్యేది కాదు.

"నువ్వు నేర్పవే," అంది ఓ ఆదివారం. "ఎట్టైనా నేర్చుకుంటా. చదువురాని మొద్దునేం కాదు గదా."

నేర్పాను. ఆ జాతీయాలన్నీ నాకు కంఠతా వచ్చు. కుట్టించుకోలేదు కనుక నాకు అవి ముక్కలుగానే వచ్చు. బెయ్ అంటే గిన్నె. ష్వే నీళ్ళు. ఛ బండి. షిన్ కట్టెలు. కట్టెల బండి మొత్తం అంటుకుంటే చెంబెడు నీళ్ళు చల్లినట్టు, చేసిన సాయం అవసరానికి ఏ మూలకూ చాలదని అర్థం.

అక్క అంతా విని, "బండీ కట్టెలూ నాకెందుకే? గిన్నె అంటుండాడు, నీళ్ళంటుండాడు. ఆయనకు దప్పికేస్తుండాది," అని లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. బావ గటగటా తాగేశాడు. ఆయన అడిగింది నీళ్ళేనా, ఇచ్చారు కనుక తాగాడా అని నాకు సందేహమే. అక్కకు లేదు. ఆ రోజు అక్క మొహం చూసి ఆ సందేహం మింగేశాను.

అలా కొన్నాళ్ళు బండి నడిచింది. ఓ జాతీయంలో పామూ కాలూ వినిపిస్తే అక్క ఆయన కాలు ఒత్తేది. గుర్రమని వినిపిస్తే బయటికి పోదామంటున్నాడని వీధి గుమ్మంలోకి కుర్చీ లాగేది. కానీ బావ ఆగడు కదా. అక్క ఒకదాన్ని విప్పి చూసుకునేలోగా ఆయన ఇంకో మూడు అనేసేవాడు. విడమరిచి చెప్పమంటే ఆయన వల్ల కాదు, మళ్ళీ అదే మూట విసిరేవాడు, ఇంకా గట్టిగా. ఓ మధ్యాహ్నం ఏదో చెప్పాడు, మళ్ళీ చెప్పాడు, చెప్పగా చెప్పగా గొంతు బొంగురుపోయింది. అక్క ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటూ, "నిదానంగా చెప్పయ్యా, నీకు దణ్ణం పెడతా," అంటోంది. బావ అన్నం కంచం విసిరికొట్టాడు. తర్వాత తలను గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. మేమిద్దరం పట్టుకున్నా ఆగలేదు. అక్క తన అరచేయి ఆయన నుదుటికీ గోడకూ మధ్య పెట్టింది. ఆ చేతి మీదే కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి ఏడ్చాడు.

వేళ్ళు వాచిపోయిన చేతిని కొంగులో చుట్టుకుని అక్క అంది, "నాకూ కుట్టించు."

"ఏంది?"

"నీ కుట్టుమిషనే. ఆయనకు కుట్టినవన్నీ నాకూ కుట్టించు."

"నీకేమన్నా మతి పొయ్యిందా? ఆయన గతి చూస్తానే ఉండావు గదా! నీ గూట్లోవి కింద పడతాయక్కా. నీ తిట్లు పోతాయి, నీ పాటలు పోతాయి. నోరు లేకపోతే నువ్వు నువ్వే కాదే!"

"నా నోరు ఎవురికి కావాలే? నేను తిడితే అర్థమయ్యేదెవురికి? ఆయన బావిలో పడి అరస్తుంటే, పైన నిలబడుకోని మాటలకు అర్థాలు వెతుక్కుంటుండానే నేను! ఏదో అడగతుండాడే. ఇన్నాళ్ళుగా ఏదో ఒకటే అడగతుండాడు. అదేందో తెలీకుండా ఆయన పోతే నేను బతకతానా?"

వారం రోజులు మొండికేశాను. అక్క నాతో మాట్లాడటం మానేసింది. తనే పరాంకుశం గారికి ఫోన్ చేసింది. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. ఇక నేను కాదంటే ఇంకెవరో తొడుగుతారు టోపీ. ఆ చేతులేవో నావే అయితే నయమనుకున్నాను.

ఆసరికి పరాంకుశం గారు ఓ మెరుగు కనిపెట్టారు. కుట్టే ముందు ఏవి పోకూడదో మనిషి ఒకసారి అంటే, మిషను వాటిని గుర్తుపట్టి కదపకుండా ఉంచుతుంది. మిగతావాటి సంగతి దైవాధీనం.

"మీకేవి కావాలో అనండమ్మా," అన్నారాయన. మా బావ సంగతి జరిగాక ఆయన నవ్వడం బాగా తగ్గించారు.

అక్క టోపీతో కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. గోవిందా అంది. బియ్యం కొలిచేటప్పుడు మొదటి మానికకు ఒకటి అనకుండా "లాభం" అంటారు మా ఇళ్ళల్లో, అది అంది. మా అమ్మ పాడిన జోలపాట పాడింది. చిన్నవాళ్ళు తుమ్మితే అనే "చిరంజీవ" అంది. కాకిని తోలేది, కుక్కను అదిలించేది అన్నీ అని, కళ్ళు తెరిచి నన్ను చూసి, "పాడుముండా, నిన్ను తిట్టేది కూడా ఉంచుకుంటాలే," అంది. నేను జిగురు పూస్తూ నవ్వుతూ ఏడ్చాను.

"ఏమయ్యో" మాత్రం అక్క అనలేదు. పరాంకుశం గారు అడగలేదు. నాకూ తట్టలేదు. ఎలా తడుతుంది? ఊపిరి తీసుకోవడం గుర్తుపెట్టుకో అని ఎవరన్నా ఎవరికన్నా చెబుతారా? మా ఇళ్ళల్లో అది మాట కాదు, పేరు కాదు. మొగుణ్ణి పేరుపెట్టి పిలవకుండా ఉండటానికి ఆడవాళ్ళు చేసే చప్పుడు. ఆ చప్పుడు కూడా ఆ గూట్లోనే ఉంటుందని ముగ్గురిలో ఒక్కరికీ బుద్ధి పుట్టలేదు.

కుట్టడం పూర్తయి ఇంటికి వెళ్ళాం. నాలుగు రోజులుగా బావను చూసుకుంటున్న పక్కింటావిడ లేచి వెళ్ళిపోయింది. బావ కుర్చీలో కూర్చుని తనలో తాను అనుకుంటున్నాడు. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెద్దగా నవ్వింది.

"ఓసినీ! ఎగతాళి చేస్తుండాడే! ఆ పక్కింటావిడ వంట గురించి! ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎగతాళి చేస్తానే ఉండాడు, మనకే తెలీలా!"

మా బావ పోలేదు! ఆ చైనా గొంతు అడుగున మా బావ మునుపటి మా బావే! ఆ సాయంత్రమంతా అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ, నాకు తెలుగులో చెబుతూ కూర్చుంది. ఫ్యాను గాలి తగలడం లేదంటున్నాడు. ఆ మందు మింగలేనంటున్నాడు. ఒక్కటీ విప్పక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు. ఆయన సగం అనేసరికే అక్కకు తెలిసిపోయేది. నేను చేసిన పని మంచిదేనని ఆ సాయంత్రం నిజంగా నమ్మాను.

మర్నాడు అక్క అన్నం వార్చి, గరిటె చేత్తో పట్టుకుని, బావను పిలవబోయింది. నోరు తెరుచుకుంది. ఏమీ రాలేదు. వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"వేణీ, నేను ఆయన్ని ఏమని పిలస్తానే?"

"ఏమయ్యో అంటావు గదక్కా."

"ఏ... మ... య్యో," అంది. ఒకటో తరగతి పిల్ల అచ్చులు చదివినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా. బావ తల తిరగలేదు. మళ్ళీ అంది. గట్టిగా అంది, మెల్లగా అంది, సాగదీసి చూసింది. ఎక్కడ సాగాలో అక్కడ సాగలేదు. ఆఖరికి ఎదురుగా వెళ్ళి నిలబడి, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అననిది, "మునిరత్నం," అంది. నర్సు రోగిని పిలిచినట్టుంది. బావ అక్క పక్క నుంచి తొంగి వంటింటి గుమ్మం వైపు చూశాడు.

అక్క భయంతో చైనాలో ఏదో అంది. అది తన గొంతులో రాలేదు, లిన్ మేడం గొంతులో వచ్చింది. బావ వెంటనే నిటారుగా కూర్చున్నాడు. చొక్కా గుండీ సర్దుకున్నాడు. ల్యాబులో పాఠం చెప్పించుకునేటప్పుడు ఆవిడ ముందు కూర్చున్నట్టు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎంతో మర్యాదగా అక్కకు జవాబిచ్చాడు.

ఆయనకు అక్క మొహంతో ఎప్పుడూ తెలియలేదు. పిలుపుతో తెలిసేది. ఇప్పుడు ఆయన ఇంట్లో పంతులమ్మ ఉంది, పెళ్ళాం లేదు.

నేను ఆ పూటే తిరుపతి పరుగెత్తి పరాంకుశం గారి మీద విరుచుకుపడ్డాను. "ఆ ఒక్కటీ తిరిగి కుట్టండి సార్! ఒక్క పిలుపు! జాతీయాలన్నీ కుట్టగలిగిన మిషనుకు ఇదొక లెక్కా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కుట్టాలంటే అది ఉన్న తల కావాలి నీలవేణీ. మీ అక్క తలలో ఉండేది. మనం పట్టి ఉంచలేదు."

"ఇంకో ఆవిడది కుట్టండి. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు ఏమయ్యో అనే పిలుస్తారు!"

"కుడితే ఆవిడ పిలుపు వస్తుంది. మీ బావకు లిన్ గొంతు వచ్చినట్టు. అది విని ఆయన తల తిరుగుతుందంటావా?" అని, "నేను ఏమీ చెయ్యలేనమ్మా," అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు తిట్టడానికి కూడా ఎవరూ లేకుండా పోయారు.

తిరిగి వెళ్ళేసరికి బావ అదే కుర్చీలో, వంటింటి వైపు చూస్తూ ఉన్నాడు. అక్క ఆయన మోకాలి దగ్గర నేల మీద కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. పొద్దుటి నుంచీ ఇద్దరూ ఏమీ తినలేదని పొయ్యి మీద గిన్నెలు చూస్తే తెలిసింది.

"వాంగ్ యెన్ యూ ఛ్వాన్," అన్నాడు బావ. ఇంతలో మళ్ళీ అదే.

"పొద్దున్నించీ ఇదొక్కటే నన్నడగతుండాడు," అంది అక్క. గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "ఇదే ఇన్నాళ్ళూ అడిగినాడేమో."

నాకు ముక్కలుగా తెలుసు. చూపు, కన్ను, ఇక, చిల్లుపడేట్టు. మనవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా అంటారు. మనిషి కోసం ఎదురుచూసి ఎదురుచూసి. అది అక్కకు చెప్పబోయి ఆగాను. అక్కకు నాకంటే బాగా తెలుసు, లిన్ మేడంకు తెలిసినంత బాగా తెలుసు.

"నా కోసమే చూస్తుండాడే," అంది అక్క. "నా చెయ్యి పట్టుకోని, నన్నే అడగతుండాడు, మా ఇంటామె యాడికి పొయ్యిందీ అని. నేను ఇక్కడే ఉండానని ఎట్టా చెప్పేది? చైనాలో చెప్తే పంతులమ్మ చెప్పినట్టుంటాది. తెలుగులో చెప్తే చెవిన పడదు."

నేనూ అక్క పక్కన నేల మీద కూర్చున్నాను. అక్క ఏడవడం లేదు. ఏదో తేల్చుకున్న మొహంతో నన్ను చూసింది.

"వేణీ, నువ్వు వంటింట్లోకి పో."

"ఎందుకు?"

"మన ఇద్దరి గొంతూ ఒకటేనని అమ్మ అనేది గదా. పొయ్యి పిలువు."

"నా వల్ల కాదక్కా! అది నీ పిలుపు. మరదల్ని, నేనెట్టా పిలస్తా బావను అట్టా? చూసేవాళ్ళు నవ్వరా?"

"ఎవురే ఇక్కడ చూసేది? ఆ మనిషి కళ్ళు చూడవే! అట్టా చూస్తానే ఉండి పోతాడే! నీ కాళ్ళు పట్టుకుంటా, పొయ్యి పిలువు."

నిజంగానే నా కాళ్ళ మీదకు వంగింది. ఆపి, లేచి, వంటింట్లోకి వెళ్ళాను. గుమ్మం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను, నా మొహం ఆయనకు కనిపించకుండా. అక్క కోపంగా ఉన్నప్పుడు కాదు, ఊరికే పిలిచినప్పుడు ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకున్నాను. లోగొంతులో ఎత్తుకుని, చివర్న పైకి లాగాను.

"ఏమయ్యో..."

కుర్చీ కిర్రుమంది. గుమ్మం సందులోంచి చూశాను. బావ తల చటుక్కున ఇటు తిరిగింది. వంకరపోయిన ఆ మూతి నిండా నవ్వు. అక్క చేతిలోంచి తన చెయ్యి లాక్కుని వంటింటి వైపు చాపాడు. గబగబా ఏవేవో అన్నాడు, ఊపిరి తిప్పుకోకుండా అన్నాడు. అన్నీ నేను విప్పుకోలేకపోయాను.

"ఏమంటుండాడక్కా?" అని లోపలి నుంచే అడిగాను.

అక్క ఖాళీ అయిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వింటోంది. ఆయన నా వైపు, నేనున్న గోడ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. అక్క వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అక్క మాత్రం ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఇన్నాళ్ళు యాడికి పొయ్యినావంటుండాడు. మళ్ళీ కలిసినాం లే అంటుండాడు. ఇంట్లో ఎవురో పరాయి ఆమె ఉండాది, మంచామే, బాగానే చూసుకుంటుండాది, అయినా నువ్వుంటే చాలంటుండాడు."

నేను గోడకు మొహం ఆనించి నోట్లో కొంగు కుక్కుకున్నాను. బావ మాట్లాడి మాట్లాడి ఆగాడు. జవాబు కోసం చూస్తున్నాడు. కాసేపటికి ఆయన మొహంలో నవ్వు మెల్లగా సడలడం మొదలైంది.

"ఇంకోసారి పిలవ్వే," అంది అక్క.

పిలిచాను.